ఎడమ పురి తాడు

మా సారు కొత్తవాళ్లకు నన్ను పరిచయం చేసినప్పుడల్లా ఒక మాట అంటాడు. వెట్టిమనిషి పెంచిన మొక్క ఒక్కటి కూడా మనం నాటడం లేదంటే అది ఈమె పుణ్యమే, ఈమెది అంత మెత్తని మనసు అని. నాకు నవ్వొస్తుంది. నాది మెత్తని మనసా! లాల్‌పేట్‌లో మా వాడకట్టు వాళ్లను అడగండి. కుళాయి దగ్గర నాతో ఒకసారి పెట్టుకున్న మనిషి మళ్లీ నా ముందు బిందె పెట్టలేదు. వెట్టిలో ఉన్న ఆ పదకొండు మందిని నర్సరీ గేటు దాటించింది జాలితో కాదు, కక్షతో. పాము పగ పన్నెండేళ్లంటారు. నాది ఆరేళ్లకే తీరింది, అంతే తేడా.

చంద్రపూర్ చుట్టూ కొత్త ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులవి. ప్రతి ఫ్యాక్టరీకి ఒక కాలనీ, కాలనీకి ఒక గెస్ట్‌హౌస్, గెస్ట్‌హౌస్ ముందు పచ్చిక. ఎండాకాలం తారు కరిగి చెప్పులకు అంటుకునే ఊరు మాది. ఆకు మీద వేలితో గీస్తే బొగ్గు దుమ్ములో గీత పడుతుంది. అలాంటి చోట పెద్దసార్లకు పచ్చగా, మెత్తగా, బూటు కింద నలగకుండా గడ్డి కావాలి. మా సారు ఆ పచ్చికలు, తోటలు వేసే కాంట్రాక్టరు. నేను ఆయన దగ్గర ముకద్దంని, అంటే నాటే ఆడవాళ్ల మీద మేస్త్రీని. వచ్చిన సరుకు బాగుందో లేదో చూసి చలాను మీద సంతకం పెట్టేది కూడా నేనే. ఆ సంతకానికి ఎంత బలముందో నాక్కూడా అప్పటికి తెలియదు.

మిరుగు కార్తె మొదట్లో, రాజురా రోడ్డు మీద ఒక కొత్త కాలనీకి మొక్కల లారీ వచ్చింది. పెద్ద మొక్కలు కదా, వేరు చుట్టూ మట్టి ముద్ద రాలకుండా గోనెపట్టా చుట్టి, గడ్డితాడుతో కట్టి పంపుతారు. ఒక మొక్కను కిందికి దించుతుంటే తాడు నా అరచేతిలో ఉల్టా తిరిగింది. చేతులకు అలవాటైన పని, కళ్లకంటే ముందు చేతులకే తెలిసింది. చూశాను. ఎడమ పురి.

మా వైపు తడిపిన వరిగడ్డిని కాలి బొటనవేలికి తగిలించి కుడివైపే పేనుతారు. ఎడమ పురి తాడు పాడె కట్టడానికే అని మా అమ్మమ్మ తిట్టేది. ఆ తిట్లు తిన్నది మా చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు. ఆమెది ఎడమచేతి వాటం. ఎంత తిట్టినా ఆమె చేయి మారలేదు. తాడు కొసను రెండుసార్లు మెలేసి లోపలికి దోపడం కూడా ఆమె పద్ధతే. నా చేతిలో ఉన్న తాడు కొస రెండు మెలికలు తిరిగి లోపలికి దోపి ఉంది. నేను ఆ లారీ పక్కనే మట్టిలో కూలబడ్డాను. నాటే ఆడవాళ్లు ఎండదెబ్బ అనుకుని నీళ్లు చల్లారు.

ఎందుకంటే ఆ లారీ మేము ఒకప్పుడు పనిచేసిన నర్సరీది, మా సారు దగ్గరికి రావడం అదే మొదలు. చిన్నమ్మ ఇంకా ఆ నర్సరీలో ఉండకూడదు. ఆమె ఆరేళ్ల కిందటే ఇంటికి వెళ్లిపోయిందని మేము నమ్ముకుని బతుకుతున్నాం.

ఆ నర్సరీ గోండ్‌పిప్రి పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి ఉంటుంది. మా నాన్న జబ్బు పడ్డప్పుడు దాని మాలక్, అంటే యజమాని, పంపిన మనిషి చేతి మీదుగా అడ్వాన్సు తీసుకున్నాం. నాన్న పోయాక అమ్మ, చిన్నమ్మ, నేను నది దాటి పనికొచ్చాం. ఆదిలాబాద్ పల్లె నుంచి వచ్చిన మాకు ఇక్కడ అంతా మరాఠీ. బస్టాండులో బోర్డు చదవలేం, దుకాణంలో ఉప్పు అడగలేం. అలాంటి చోట మాలక్ నోరు తెరిచి తెలుగులో, అచ్చం మా యాసలో, తిన్నరా అని అడిగాడు. అంతే, పడిపోయాం. మనోడు అనుకున్నాం. మా ఆంధ్రా రేషన్ కార్డు ఇక్కడ చెల్లదని, మరాఠీలో చేయించి ఇస్తానని అడిగితే, అమ్మ కొంగుముడి విప్పి రెండు చేతులతో ఇచ్చింది. ముందే వచ్చినవాళ్లూ అలాగే ఇచ్చారు. వేరే భాషవాడు అడిగితే ఒక్కరమైనా ఇచ్చేవాళ్లం కాదు. ఆ కార్డులన్నీ వాడి ఇనప పెట్టెలోకి పోయాయి. తర్వాత గేటుకు తాళం పడింది. వాడి నోట్లో మన్నుపడ, ఆ తాళం కూడా తెలుగులోనే మాట్లాడుతూ వేశాడు.

సంతకు పోవాలన్నా, ఎవరైనా చచ్చారని ఊరికి పోవాలన్నా వాడికి ఒకటే నియమం. రెండేళ్లయ్యాక ఒక మధ్యాహ్నం పురుగుమందు కొట్టే పంపు పైపు ఊడి అమ్మ కంట్లో మందు పడింది. కడుక్కోవడానికి పరుగెత్తితే బావి గేటు అవతల, తాళం చెవి మాలక్ జేబులో, మాలక్ చంద్రపూర్ బజారులో. వాడు తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. అమ్మను దవాఖానకు తీసుకెళ్తానని నేను కాళ్లు పట్టుకుంటే, వాడు కుర్చీలో కూర్చుని చెప్పాడు.

"ఒక మనిషి పోవాల్నంటే ఒక మనిషి ఉండాలె."

చిన్నమ్మ ముందుకొచ్చి నేనుంటా అంది. మీరు పోయి మందు పోయించుకుని నాలుగు రోజుల్లో రండి అని మమ్మల్ని గేటు బయటికి తోసింది. అమ్మకు ఆ కన్ను దక్కలేదు. దవాఖాన నుంచి లాల్‌పేట్‌లో ఒక గదిలో చేరాం. నెల దాటాక వాడి లారీ డ్రైవరు చేత కబురొచ్చింది, మీ చిన్నమ్మను మొగుడొచ్చి తీసుకుపోయిండు, ఇక మీరు రానక్కర్లేదు అని. హమ్మయ్య అనుకున్నాం. నిజం చెబుతున్నాను, అలాగే అనుకున్నాం. ఆమెను వదిలేసి పదేళ్లు ఎటో పోయిన మొగుడు ఉన్నట్టుండి ఎందుకొచ్చాడు అని మాకు అనుమానం రాలేదా? వచ్చింది. ఊరికి బస్సెక్కితే ఒక పూట దారి. ఎక్కలేదు. పోయి అడిగితే లేదంటారేమో, అప్పుడు ఆ గేటులోకి మళ్లీ పోవాల్సొస్తుందేమో అని భయం. అమ్మ ఒంటి కన్నుతో కూరగాయలు అమ్మింది. నేను పచ్చికలు నాటుతూ నాటుతూ ముకద్దంనయ్యాను. ఆరేళ్లు.

ఇప్పుడు ఆ తాడు చేతిలో పట్టుకుని నేను చేసిన మొదటి పని పెద్ద తెలివితక్కువ పని. కోపం వస్తే నాకు నోరు ఆగదు. లారీకి కొత్తగా వచ్చిన డ్రైవరు చొక్కా పట్టుకుని, ఈ తాడు పేనిన మనిషి ఎవరు చెప్పు అని నలుగురిలో అరిచాను. వాడు చొక్కా విదిలించుకుని లారీ ఎక్కి పోయాడు. వారం తర్వాత వచ్చిన లారీలో ప్రతి మొక్కకూ బజారులో కొన్న సుతిలీ, అంటే జనపదారం, కట్టి ఉంది. నా అరుపు మాలక్ చెవిన పడిందన్నమాట. తాడు గురించి అడిగిన మనిషి ఎవరో వాడికి తెలియదు గానీ, తాడు పేనిన మనిషిని మాత్రం ఆ పని నుంచి తప్పించాడు.

ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పాను. అమ్మ ఏడవలేదు. ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగి, ఉన్న ఒక్క కన్ను నా మీద పెట్టి చూసింది.

"దానికి మందు కొట్టే పంపు పట్టిచ్చి ఉంటడు. నీ నోటికి అది బలైతది. ఇగ అరువకు. చాప కింది నీరు లెక్క పో. మీ చిన్నమ్మ బయటికి రావాలె, వాడు లోపలికి పోవాలె. రెండూ కావాలె నాకు."

నాక్కూడా రెండూ కావాలి. అప్పటిదాకా నా కోపానికి దారి లేదు, ఇప్పుడు దొరికింది. గడ్డి.

మాలక్ మొక్కలతో పాటు మాకు పచ్చిక చదరాలు కూడా పంపేవాడు. చాపలా కోసిన గడ్డి, అడుగున వేళ్లు, మట్టి. పచ్చిక పనిలో అందరూ భయపడేది ఒక్కదానికే, తుంగకు. తుంగగడ్డ ఒక్కటి లోపలికి వచ్చిందంటే ఏడాదికి పచ్చికంతా అదే. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, మా సారుకు కూడా ఈ సంగతి చాలా ఏళ్ల తర్వాతే చెప్పాను. వరి మడి గట్టు నుంచి తుంగగడ్డలు ఏరి కొంగున ముడేసుకుని వెళ్లి, లారీ దిగిన చదరాల అడుగున నేనే గుచ్చాను. తర్వాత అందరి ముందూ ఒకటి తిరగేసి, తుంగ అని లారీ వెనక్కి పంపాను. రెండోసారి పంపాను. మూడోసారి కూడా. ఎండలో వెనక్కి పోయిన గడ్డి పసుపు రంగుకు తిరిగి ఎందుకూ పనికిరాదు. ఒక్కో లారీ వెనక్కి తిరుగుతుంటే నా కడుపు చల్లగా ఉండేది. నాటే ఆడవాళ్లు ఈ ముకద్దం కళ్లు గద్ద కళ్లు అనుకున్నారు.

నాలుగోసారి మాలక్ మా సారుకు ఫోన్ చేశాడు. మీ మనిషినే పంపండి, నర్సరీలోనే చూసుకుని ఏరుకొమ్మనండి అని బతిమాలాడు. నాకు కావలసింది అదే. తలంటి పోసుకుని, మంచి చీర కట్టుకుని, కాలికి కొత్త చెప్పులు, చేతిలో నోటుబుక్కు, జాకెట్టుకు పెన్నూ పెట్టుకుని పోయాను. ఏ గేటు పట్టుకుని నేను ఏడ్చానో ఆ గేటు వాడు తన చేత్తో తెరిచాడు. గుర్తుపట్టలేదు. మేడం అన్నాడు. కుర్చీ వేయించాడు, అదే కుర్చీ. టీ తెప్పించాడు. సగం తాగి వదిలేశాను, వాడి ఎదురుగా, కావాలని.

వాడు మరాఠీలో మాట్లాడాడు, నేనూ మరాఠీలోనే మాట్లాడాను. మొక్కల వరసలు చూస్తూ చివరిదాకా నడిచాను. అక్కడ వీపు మీద పంపు మోస్తూ చిన్నమ్మ ఉంది. జుట్టు నెరిసింది, మెడ వంగింది, ముఖానికి చిరిగిన తువ్వాలు. ఎడమచేత్తోనే పైపు పట్టుకుంది. నన్ను చూసింది, పంపు కొట్టడం ఆపలేదు. మాలక్ వెనక ఎవరినో కేకేయడానికి తిరిగినప్పుడు నేను ఆకు చూస్తున్నట్టు వంగి, వచ్చేసెయ్ చిన్నమ్మా, నాతో రా అన్నాను. ఆమె తల ఎత్తకుండానే చెప్పింది.

"నేనొస్తే నా జాగల పక్క గుడిసె బాలింతను ఉంచుతడు. పదకొండు మందిమి ఉన్నం. అందర్ని తీస్కపో, లేకుంటే పో."

పోయాను. దారంతా పళ్లు నూరుకుంటూ పోయాను. నేరుగా మా సారు దగ్గరికి పోయి తుంగ విషయం తప్ప అంతా చెప్పాను. ఆయన మంచివాడే, కానీ వ్యాపారస్తుడు. పచ్చిక ప్రారంభోత్సవం దగ్గర పడింది, ఇప్పుడు నర్సరీ మూతపడితే గడ్డి ఎక్కడ తేవాలి, ఇది మన పని కాదు అన్నాడు. నేను వాదించలేదు. రేపు ఇది పేపర్లో పడితే ఫ్యాక్టరీవాళ్లు మనల్ని కూడా గేటు దాటనివ్వరని మాత్రం చెప్పాను. ఇంకొకటి కూడా చెప్పాను, ఆ నర్సరీ చలాను మీద ఇక నా సంతకం పడదని. ఆయన చాలాసేపు పొడిదగ్గు దగ్గాడు. మరునాడు తన స్కూటరు మీద నన్ను తాలూకా కచేరీకి తీసుకెళ్లాడు. వెట్టిచాకిరీ చేయించుకోవడం నేరమని చట్టం ఎప్పటినుంచో ఉందని, అర్జీ ఇస్తే విచారణకు రావాల్సిందేనని అక్కడే తెలిసింది. మేము ఆ గేటు వెనక ఉన్నప్పుడు కూడా ఆ చట్టం ఉంది. అది వినగానే నా కోపం ఇంకో మెట్టు ఎక్కింది.

విచారణ రోజు పొద్దున పదింటికి నాయబ్ తహసీల్దారు, ఒక గుమస్తా, ఇద్దరు పోలీసులు, మా సారు, నేను వెళ్లాం. మాలక్ కంగారు పడలేదు. గేటు బార్లా తెరిపించి, పనివాళ్లందరినీ వరసగా కూర్చోబెట్టాడు. వీళ్లంతా మా వాళ్లే సాహెబ్, మా భాషోళ్లు, మా బంధువులు, ఎప్పుడు కావాలంటే అప్పుడు పోతారు అన్నాడు. సాహెబ్ వాళ్లను మరాఠీలో అడిగాడు. ఎవరూ నోరు తెరవలేదు. అడిగింది సగం మందికి అర్థం కాలేదు, అర్థమైనవాళ్లు మాలక్ చెప్పుల వైపు చూశారు. గుమస్తా కాగితం మీద ఏదో రాసి కలం మూత పెట్టాడు. ఇంకొంచెం సేపైతే జీపు ఎక్కేవాళ్లు.

ఇనప పెట్టె తెరిపించండి అన్నాను. మాలక్ మొదటిసారి నన్ను పరీక్షగా చూశాడు. తాళం చెవి ఊళ్లో ఉందన్నాడు. జేబులో ఉంటుంది సాహెబ్, ఎడమ జేబులో, ఎప్పుడూ అక్కడే ఉంటుంది అన్నాను. పోలీసు చేయి పెట్టాడు. అక్కడే ఉంది.

పెట్టెలో దారం కట్టిన రేషన్ కార్డుల కట్ట ఒకటి బయటపడింది. అన్నీ తెలుగులోనే ఉన్నాయి, ఒక్కటి కూడా మరాఠీలోకి మారలేదు. సాహెబ్ అటూ ఇటూ తిప్పి చూసి, ఇదేం లిపి అన్నాడు. మా ఊరి పాత కాగితాలు సాహెబ్, వీళ్లవి కావు, ఎందుకూ పనికిరావు అన్నాడు మాలక్. అక్కడ ఎవరికీ తెలుగు చదవడం రాదని వాడి ధీమా. పనివాళ్లకు మాట్లాడటమే వచ్చు, వాడికి కూడా అంతే. నేను మా పల్లెలో ఐదో తరగతి దాకా చదివాను. ఆ ఐదు తరగతులు ఎందుకు చదివానో ఆ రోజు తెలిసింది.

కట్ట తీసుకుని నిలబడి చదివాను. పేరు, తండ్రి పేరు లేదా మొగుడి పేరు, ఊరు, ఇంట్లో ఎందరు, వాళ్ల పేర్లు. మొదటి కార్డుకు ఎవరూ కదలలేదు. రెండోదానికీ కదలలేదు. మూడోది చిన్నమ్మది. ఆమె పుట్టింటి పేరుతో సహా చదివాను. ఆమె తలమీది తువ్వాలు తీసి లేచి నిలబడి, ఉన్న అంది. గట్టిగా, బడిలో హాజరు పలికినట్టు. మొదటి రెండు కార్డుల వాళ్లు కూడా అప్పుడు లేచారు. ఆ తర్వాత పేరు పూర్తిగా చదవకముందే లేచారు. బాలింత తన కార్డు కాకముందే లేచి, నాది కూడా చదువక్కా అని నిలబడింది. గుమస్తా కలం మూత మళ్లీ తీశాడు.

అందరూ లేచాక చేతిలో ఒక్క కార్డు మిగిలింది. అది కూడా చదివాను. మా నాన్న పేరు, మా అమ్మ పేరు, తర్వాత నా పేరు. మాలక్ వైపు తిరిగి, వాడి కళ్లలోకి చూస్తూ, తెలుగులో, ఉన్న అన్నాను. అప్పుడు గుర్తుపట్టాడు. వాడి ముఖంలో నెత్తురు దిగిపోవడం కళ్లారా చూశాను. ఆ ముఖం ఇప్పటికీ నిద్ర పట్టనప్పుడు తలుచుకుంటాను. హాయిగా పడుతుంది.

వాడిని పట్టుకుపోయారు. పదకొండు మందికి విడుదల కాగితాలు వచ్చాయి. మూడో రోజు కోర్టు దగ్గరికి నేను పనిగట్టుకుని పోయాను. వాడికి జామీను నిలబడటానికి ఎవరూ రాలేదు. లారీ డ్రైవరు రాలేదు, అన్నదమ్ములు రాలేదు, బజారులో కలిసి తాగేవాళ్లూ రాలేదు. మెట్ల మీద పోలీసు పక్కన కూర్చుని వాడు నన్ను చూసి చేతులు జోడించాడు. మనం మనం ఒక్కటే చెల్లె, ఎవరినైనా నిలబెట్టు అన్నాడు. ఏమనాలో నేను వెతుక్కోనక్కర్లేదు. ఆరేళ్ల నుంచి నాలుక మీదే ఉంది.

"ఒక మనిషి పోవాల్నంటే ఒక మనిషి ఉండాలె," అని చెప్పి, పక్క బండి మీద మిర్చిబజ్జీ కొనుక్కుని, వాడికి కనబడేలా నిలబడి తిన్నాను. కుక్క కాటుకు చెప్పుదెబ్బ. నాకు ఇప్పటికీ సిగ్గు లేదు.

ఇంటికి పోయి ఈ బజ్జీల సంగతి చెబితే అమ్మ పగలబడి నవ్వింది. గోడకు ఆనుకుని కూర్చున్న చిన్నమ్మ నవ్వలేదు. మేము నవ్వడం ఆపేదాకా ఆగి, నెమ్మదిగా అడిగింది.

"నాలుగు రోజుల్ల వస్తమంటిరి గద. ఎందుకు రాలే?"

మొగుడు తీసుకుపోయాడని వాడు కబురు పెట్టాడని అమ్మ మొదలుపెట్టింది. నువ్వు నమ్మినవా అక్కా అంది చిన్నమ్మ. అమ్మ కంచం వైపు చూసింది. నేను తలుపు వైపు చూశాను. ఆ తర్వాత ఆమె ఆ మాట మళ్లీ ఎత్తలేదు. అమ్మ పోయేదాకా అమ్మతో కావలసినంత మాటే మాట్లాడింది, ఒక్కటి కూడా ఎక్కువ కాదు.

ఆ కాలనీ పచ్చిక ప్రారంభోత్సవానికి అందలేదు. మా సారు నష్టపోయాడు, నెల రోజులు నన్ను చూసినప్పుడల్లా నిట్టూర్చాడు. కానీ పేరొచ్చింది. ఇప్పుడు నర్సరీ అయినా, అంచుకు పెట్టే ఇటుకల బట్టీ అయినా, రాతి క్వారీ అయినా, ముందు మా మనిషి పోయి చూడనిదే సరుకు దిగదని ఆయనే నియమం పెట్టాడు. గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది, పనివాళ్ల కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయి, సంతకు ఒంటరిగా పోగలరా, ఇవే మేము అడిగేవి. పోయేది ఇద్దరం, నేనూ చిన్నమ్మా. ఆమె నా గ్యాంగులోనే పని చేస్తుంది, తాడు ఇప్పటికీ ఎడమవైపే పేనుతుంది.

మొదటిసారి అలా ఒక నర్సరీకి పోయినప్పుడు నేను లోపలికి అడుగు పెట్టబోతుంటే చిన్నమ్మ నా చేయి పట్టి ఆపింది. ఆడవాళ్లతో నేను మాట్లాడొస్తా, నువ్వు ఈడ కూర్చో అంది. ఇద్దరం పోదాం అన్నాను.

"ఒక మనిషి పోవాల్నంటే ఒక మనిషి ఉండాలె," అంది, నవ్వకుండా.

గేటు పక్కన రాయి మీద కూర్చున్నాను. అప్పటినుంచి ఏ నర్సరీకి పోయినా అదే పద్ధతి. ఒకసారి సాస్తి వైపు పోయినప్పుడు పొద్దున లోపలికి పోయిన మనిషి ఎండ నడినెత్తికొచ్చినా రాలేదు. నీళ్లు లేవు, నీడ లేదు, లేచి పోవాలనిపించింది, పోలేదు. తర్వాత తెలిసింది, అరగంటలో పని ముగించుకుని లోపల చెట్టు కింద చాయ్ తాగుతూ కూర్చుందట. వచ్చి, ఎదురుచూసినవా అని అడిగింది. చూసిన చిన్నమ్మా అన్నాను. ఆమె తల ఊపి బస్సు వైపు నడిచింది. నేను వెనకే నడిచాను.